పాకెట్ హోల్ జాయింట్లు 18 ఎంఎం ప్లైవుడ్‌కి పనికొస్తాయా, లేక మేస్త్రీ అన్నదే కరెక్టా?

పానగల్_కట్ట

మాది నల్లగొండ. ఆఫీసు పని అయ్యాక ఇంటి వెనక రేకుల కింద చెక్కపని చేస్తుంటాను. కొత్త. పాపకి చదువుకునే టేబుల్, పక్కనే పుస్తకాల అర చేద్దామని 18 ఎంఎం ప్లైవుడ్ షీటు తెచ్చాను. ఆన్‌లైన్‌లో పాకెట్ హోల్ జిగ్ కూడా కొన్నాను. ఒక ముక్కలో వాలుగా బెజ్జం వేసి, దాంట్లోంచి స్క్రూ తిప్పి రెండో ముక్కకి బిగించడమే పాకెట్ హోల్ జాయింటు. ఆ వాలు తప్పకుండా డ్రిల్‌ని నడిపే దిమ్మె ఈ జిగ్. ప్లాస్టిక్‌దే, ఖరీదైనది కాదు. దాంతో పాటు మెట్టులా సన్నబడే డ్రిల్ బిట్టు, దానికి తొడిగి లోతు ఆపే కాలర్, అలెన్ కీ, చదరపు మూతి బిట్టు వచ్చాయి. స్క్రూలు గుప్పెడే ఇచ్చారు.

మా వీధి మేస్త్రీ చూసి, "ఫెవికాల్ రాసి మేకులు కొడితే అయిపోయేదానికి ఇన్ని బొక్కలెందుకు సార్" అని నవ్వి వెళ్లిపోయాడు. సరే అని తుక్కు ముక్కల మీద చేసి చూస్తున్నా. స్క్రూ బిగిసే ఆఖరి క్షణంలో ఒక ముక్క పైకి జరిగి అతుకు దగ్గర గోరు తగిలేంత మెట్టు వస్తోంది. కొన్ని చోట్ల స్క్రూ మొన అవతలి వైపు పొడుచుకొస్తోంది. పైగా ఈ స్క్రూలు మా ఊళ్లో ఎవరి దగ్గరా లేవు. ఫాల్స్ సీలింగ్‌కి వాడే నల్ల జిప్సమ్ స్క్రూలు ఇస్తున్నారు. అవి వాడొచ్చా? అసలీ జాయింటు పిల్లలు వాడే టేబుల్‌కి ఆగుతుందా?


ఆదివారం_వడ్రంగి

జిప్సమ్ స్క్రూలు మాత్రం వద్దు. డ్యూటీలో ఉన్నా, మిగతాది రాత్రికి రాస్తా.


సాగర్_ఎడమకాల్వ

మేస్త్రీ నవ్వింది జిగ్‌ని చూసి కాదు. నువ్వు నేర్చుకుంటే వీధిలో ఒక గిరాకీ తగ్గుతుందని.


ఉలి_సుత్తె

మేస్త్రీ మాటలో తప్పేముంది? వాలుగా మేకు కొట్టడం మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. దానికే ఒక ప్లాస్టిక్ దిమ్మె జతచేసి అమ్ముతున్నారు. మా తాత ఒక కర్రలో బెజ్జం తీసి, ఇంకో కర్ర కొసని కుసిగా చెక్కి అందులో దిగ్గొట్టిన దర్వాజ ఇప్పటికీ ఇంచు కదల్లేదు. అందులో ఒక్క స్క్రూ లేదు.


వడ్ల_ఇంటి_కోడలు

ఉలి_సుత్తె అన్నా, దర్వాజ వేరు, పుస్తకాల అర వేరు. ప్లైవుడ్‌కి కుసి తీసి చూపించండి, పొరలు లేచి చేతికొస్తాయి. కల్వకుర్తి దగ్గర మా మామయ్య, మా ఆయన ఇద్దరిదీ ఇదే పని. టేకు తలుపుకీ వేప దర్వాజకీ ఉలి తప్ప ఇంకోటి పట్టని మామయ్యే, ప్లైవుడ్ కబోర్డు అనేసరికి స్క్రూ గన్ తీస్తాడు. చెక్కని బట్టి జాయింటు.

ఇక వాలుగా మేకు కొట్టడమూ ఇదీ ఒకటి కాదు. మేకు చెక్క రాపిడి మీద ఆధారపడి నిలబడుతుంది. వాన పడి, ఎండ కాసి, చెక్క కాస్త లూజైతే అదీ లూజే. స్క్రూ మరలతో పట్టుకుని రెండు ముక్కల్నీ దగ్గరికి లాగి ఉంచుతుంది.


ఉలి_సుత్తె

లాగి ఉంచుతుంది సరే అక్కా, ఆయనకి పక్కకి కూడా లాగుతోంది కదా. ఆ మెట్టు సంగతి ఎవరూ చెప్పట్లేదు.


ఆదివారం_వడ్రంగి

వచ్చేశా. పానగల్ అన్నా, ఒక్కోటీ చూద్దాం.

ముందు స్క్రూ. నీ బిట్టు లావు భాగం 9.5 ఎంఎం, మొన దగ్గర సన్నం. అది చెక్కలోకి 15 డిగ్రీల వాలుతో దిగుతుంది. లావు రంధ్రం ఆగిపోయి సన్న రంధ్రం మొదలయ్యే చోట లోపల చిన్న చదును అరుగు మిగులుతుంది. స్క్రూ తల వచ్చి కూర్చునేది ఆ అరుగు మీదే. అందుకే పాకెట్ స్క్రూ తల అడుగు భాగం బల్లపరుపుగా, వాషర్ అతికించినట్టు వెడల్పుగా ఉంటుంది. జిప్సమ్ స్క్రూ తల గరాటులా ఉంటుంది. అది అరుగు మీద కూర్చోకుండా లోపలికి దిగబడుతూ చెక్కని రెండు వైపులకీ తోస్తుంది. ప్లైవుడ్ అయితే పొరలు విడతాయి. పైగా ఆ నల్ల స్క్రూ పెళుసు. పక్కనుంచి బలం పడితే వంగదు, టప్పున విరుగుతుంది.

మొన బయటికి రావడం. 18, 19 ఎంఎం చెక్కకి వాడే పాకెట్ స్క్రూ పొడవు 32 ఎంఎం, అంటే అంగుళం పావు. 12 ఎంఎం చెక్కకైతే 25. మందం అంగుళంన్నర ఉంటే 63 దాకా పోవచ్చు. నీ స్క్రూ 32 అయితే పొడవు కరెక్టే, కాలరే లోతుగా పెట్టి ఉంటావు. బిట్టుని జిగ్‌లో పెట్టి, చెక్క కొస ఆనే చోటికీ బిట్టు మొనకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా కాలర్ బిగించు. మొన చెక్క కొస దాటి బయటికి రాకూడదు. ఇంకోటి, షాపువాళ్లు 18 అన్న షీటుని ఒకసారి కొలిచి చూడు. కొన్ని 17 కూడా ఉండవు.

మెట్టుకి ఒకటే మందు, క్లాంపు. రెండు ముక్కల్నీ కలిపి, అతుకు మీదే, రెండు ముఖాలూ క్లాంపు దవడల కింద పడేలా బిగించి అప్పుడు స్క్రూ తిప్పు. చేత్తో పట్టుకుంటే ఆగదు. ఎంత కండ ఉన్నా ఆగదు.


పానగల్_కట్ట

నేను చేత్తోనే పట్టుకున్నా. జిగ్‌తో క్లాంపు రాలేదు, వీడియోలో కూడా అతను చేత్తోనే నొక్కి పట్టుకున్నాడు.


సాగర్_ఎడమకాల్వ

వీడియోలో కనపడని చోట నలుగురు పట్టుకుని ఉంటారు.


రిటైర్డ్_ఫిజిక్స్

ఈ మెట్టు ఎందుకొస్తుందో లెక్క చెప్తే కొందరికైనా నచ్చుతుంది. స్క్రూ 15 డిగ్రీల వాలులో ఉంది. అది లాగే బలం కూడా ఆ వాలులోనే ఉంటుంది. ఆ బలాన్ని రెండుగా విడదీస్తే అతుకుని దగ్గరికి తెచ్చే భాగం కాస్ 15, అంటే 0.97. పక్కకి జరిపే భాగం సైన్ 15, అంటే 0.26. నువ్వు బిగించే బలంలో దాదాపు నాలుగో వంతు పక్కకి తోయడానికే పోతోందన్నమాట. అతుకు ముఖాల మధ్య ఘర్షణ దాన్ని ఆపాలి. కొత్తగా కోసి, ఎమరీ పట్టి, పైగా తడి ఫెవికాల్ రాసిన ముఖాల మధ్య ఘర్షణ తక్కువ. అందుకే జిగురు రాసినప్పుడు ఇంకా ఎక్కువ జారుతుంది. క్లాంపు రెండు ముక్కల ముఖాల్నీ ఒకే మట్టంలో నొక్కి పట్టి ఆ జారుడుని నేరుగా ఆపుతుంది, అదే దాని పని.


గద్వాల_గడప

సార్, ఇంటర్‌లో మీరు చెప్పి ఉంటే నేను పాసయ్యేవాణ్ని.


రిటైర్డ్_ఫిజిక్స్

చెప్పే ఉంటానయ్యా, నువ్వు వెనక బెంచీలో ఉండి ఉంటావు.


మిర్యాల_మిల్లు

స్క్రూల సంగతి నేను చెప్తా. అసలు పాకెట్ స్క్రూలు ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి, రేటు మండుతుంది. మిర్యాలగూడలో నేను హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి 8×32 పాన్ హెడ్ స్టార్ స్క్రూ అడుగుతా. 8 అంటే గేజీ, 32 అంటే పొడవు ఎంఎంలలో. తల అడుగు చదునుగా ఉన్నదే తీసుకోవాలి. కౌంటర్‌లో కుర్రాడు అలవాటుకొద్దీ సీఎస్‌కే ఇస్తాడు. అది కూడా గరాటు తలే, వెనక్కి ఇచ్చేయండి. పాన్ హెడ్‌కి మొన దగ్గర డ్రిల్లులా కోసుకుపోయే గాడి ఉండదు కాబట్టి, రెండో ముక్కలో 2.5 ఎంఎం బిట్టుతో కొంచెం దారి చేసుకుంటే మంచిది. స్టార్ గాడి జారుతుంది, చదరపు గాడి అంత సుఖం ఉండదు. కానీ పని జరుగుతుంది. మా రైస్ మిల్లు ఆఫీసులో ఫైళ్ల ర్యాకులన్నీ వీటితోనే.


ఆదివారం_వడ్రంగి

మిర్యాల అన్న చెప్పినదానికి ఒక్క సవరణ. మర కూడా చూడాలి. ప్లైవుడ్, పైన్, ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసే బోర్డు) లాంటి మెత్తవాటికి మరలు దూరం దూరంగా, లోతుగా ఉన్న స్క్రూ కావాలి. టేకులాంటి గట్టి చెక్కకి దగ్గర దగ్గరగా ఉన్న సన్న మర. రేకు కోసం చేసిన పాన్ హెడ్ కొన్నిటికి మర సన్నం, ప్లైవుడ్‌లో తిప్పుతుంటే పట్టు దొరక్క పిండి చేస్తుంది.


అచ్చంపేట_గాలి

గట్టి చెక్క మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా దగ్గర నల్లతుమ్మ, నారేప లాంటివి ఉంటాయి. నారేప సంగతి తెలిసినవాళ్లకి తెలుసు, మేకు కొడితే మేకే వంగుతుంది. నల్లతుమ్మ పీటకి అడ్డకర్ర పాకెట్ హోల్‌తో బిగిస్తుంటే స్క్రూ తల ఊడి చేతికొచ్చింది. అలాంటి చెక్కకి రెండో ముక్కలో కూడా దారి బెజ్జం తప్పనిసరి, స్క్రూ మరలకి కొవ్వొత్తి మైనం రుద్దాలి. కొందరు సబ్బు రుద్దుతారు. సబ్బు తేమని లాగి ఇనుము తుప్పు పట్టిస్తుంది, మైనమే మేలు.


ఉలి_సుత్తె

అదే నేను చెప్పేది. మన చెక్కకి పుట్టిన పద్ధతి కాదిది. పైన్ చెక్క ఇళ్లు కట్టుకునే దేశాల్లో పుట్టింది.


పాలమూరు_ప్యాలెట్

పైన్ మనకి మాత్రం లేదా అన్నా? జడ్చర్ల, కొత్తూరు వైపు ఫ్యాక్టరీల్లో మిషన్లు దిగిన ప్యాకింగ్ ప్యాలెట్లు తుక్కు వ్యాపారుల దగ్గర కిలోల లెక్కన దొరుకుతాయి. చాలావరకు పైనే. కొత్తవాళ్లు నేర్చుకోవడానికి అంతకన్నా చవకైన చెక్క లేదు. పాకెట్ హోల్ దాంట్లో వెన్నలో కత్తి దిగినట్టు దిగుతుంది.

కాకపోతే చూసి తీసుకోండి. విదేశాల నుంచి వచ్చిన ప్యాలెట్ మీద గోధుమ కంకి గుర్తుతో ముద్ర ఉంటుంది. దాంట్లో హెచ్‌టీ అని ఉంటే వేడితో పురుగు చంపినది, తీసుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ గ్యాస్ పట్టించినది. అది ఇంట్లోకి, ముఖ్యంగా పిల్లల గదిలోకి వద్దు. ఇంకా, డ్రిల్ పెట్టే ముందు అయస్కాంతం తిప్పి చూడండి. లోపల విరిగిన మేకు తగిలితే ఆ ఖరీదైన బిట్టు మూతి పోతుంది.


గద్వాల_గడప

నాదొక ప్రశ్న. నేను డ్రిల్ చేస్తుంటే జిగ్ మొత్తం గడగడ ఊగుతోంది, బెజ్జం అంచు చీలికలు చీలికలుగా వస్తోంది. బిట్టు కొత్తదే. డ్రిల్ మిషను ఇంట్లో గోడలకి వాడేది.


ఆదివారం_వడ్రంగి

మిషను మీద సుత్తి బొమ్మ, బిట్టు బొమ్మ రెండు ఉంటాయి. ఏ బొమ్మ మీద ఉంది?


గద్వాల_గడప

సుత్తి.


సాగర్_ఎడమకాల్వ

గోడకి మేకు కొట్టినట్టు టేబుల్‌కి కొడుతున్నాడు పాపం.


ఆదివారం_వడ్రంగి

బిట్టు బొమ్మ మీదికి తిప్పు. సుత్తి మోడ్ కాంక్రీటుకే. చెక్కని తాకకముందే మిషను ఆన్ చేసి, ఫుల్ స్పీడు అందుకున్నాక మెల్లగా దించు. సగం దిగాక ఒకసారి బయటికి లాగి పొట్టు దులిపి మళ్లీ దించు. పొట్టు ఇరుక్కుంటే బిట్టు కాలి మొద్దుబారుతుంది. బెజ్జం వేసేటప్పుడు స్పీడు ఎక్కువ, స్క్రూ బిగించేటప్పుడు స్పీడు తక్కువ. చాలామంది దీన్ని తిరగేస్తారు.


వడ్ల_ఇంటి_కోడలు

స్క్రూ బిగించేటప్పుడు మిషను మెడ దగ్గర అంకెల రింగు ఉంటే దాన్ని తక్కువ అంకె మీద పెట్టుకోండి. తల ఆనగానే టకటకమని ఆగిపోతుంది. ఆ రింగు లేని మిషను అయితే ఆఖరి నాలుగు చుట్లు చేతి స్క్రూడ్రైవరుతోనే తిప్పండి. ప్లైవుడ్‌లో ఒక్క చుట్టు ఎక్కువైతే మర పిండైపోయి ఊరికే తిరుగుతుంటుంది. మా ఆయన దాన్ని 'పిచ్చి తిరుగుడు' అంటాడు. అలాంటి బెజ్జంలో అగ్గిపుల్లలు ఫెవికాల్‌లో ముంచి దూర్చి, ఆరాక మళ్లీ బిగిస్తే పట్టుకుంటుంది. బరువు మోసే చోట మాత్రం ఆ తంటా పడకుండా పక్కన ఇంకో బెజ్జం వేసుకోవడమే.


రేకుల_షెడ్డు

ఎండీఎఫ్, పార్టికల్ బోర్డుకి చేయొచ్చా? ఆఫీసు మూసేస్తూ పాత టేబుళ్లు ఊరికే ఇచ్చేశారు, బోర్డులు చాలా ఉన్నాయి.


ఆదివారం_వడ్రంగి

ఎండీఎఫ్ ముఖంలోకి స్క్రూ దిగితే పర్లేదు. అంచులోకి దిగితే చీలుతుంది. పార్టికల్ బోర్డుకి పట్టు ఇంకా తక్కువ, ఒకసారి విప్పితే మళ్లీ బిగుసుకోదు. గోడకి ఆనించే తేలిక అరలకి వాడుకో. ఎత్తి జరిపే వాటికి వద్దు.


మిర్యాల_మిల్లు

పాత పార్టికల్ బోర్డు తడి తగిలి ఉబ్బి ఉంటే దానికి ఏ జాయింటూ లేదు, పొయ్యి కిందికి కూడా పనికిరాదు. ఆ జిగురు పొగ మంచిది కాదు.


పానగల్_కట్ట

అందరికీ థాంక్స్. రెండు సి క్లాంపులు తెచ్చా. కాలర్ సరిచేశాక మొన బయటికి రావట్లేదు, అతుకు మీద గోరు పెడితే తగలట్లేదు. క్లాంపు దవడల మచ్చ పడుతోంది కానీ, కింద తుక్కు ముక్క పెడితే సరిపోతోంది.

ఇప్పుడు అసలు టేబుల్. బెజ్జాలు ఏ పలకలో వేయాలి? అర పలకలోనా, నిలువు పలకలోనా? రెండు రకాలుగానూ బిగుస్తోంది కదా.


వడ్ల_ఇంటి_కోడలు

అర పలక కింది ముఖంలో వేయి తమ్మీ. అప్పుడు స్క్రూ వెళ్లి నిలువు పలక ముఖంలోకి, పొరలకి అడ్డంగా దిగుతుంది, గట్టిగా పట్టుకుంటుంది. నువ్వు నిలువు పలకలో వేస్తే స్క్రూ అర అంచులోకి, పొరల మధ్యకి పోతుంది. బరువు పడ్డప్పుడు ఆ పొరలు విడిపోతాయి. పైగా అర కింద వేస్తే ఎవరికీ కనపడవు. పాప నేల మీద పడుకుని చూస్తే తప్ప.


ఆదివారం_వడ్రంగి

అక్క చెప్పిందే కరెక్టు. బెజ్జానికీ బెజ్జానికీ ఆరు అంగుళాల దూరం చాలు, ఎనిమిది దాకా పోవచ్చు. పలక అంచుకి మరీ దగ్గరగా వద్దు, ఒక అంగుళమైనా వదులు. ప్లైవుడ్ కాకుండా అసలు చెక్కతో చేసే ఫ్రేములకైతే ఇంకో నియమం ఉంది. బెజ్జం ఎప్పుడూ నార పొడవునా పోయేలా, అంటే అడ్డకర్ర కొసలో వేసి, స్క్రూ నిలువుకర్ర పక్క ముఖంలోకి దిగేలా చేయాలి. తిరగేస్తే స్క్రూ రెండో కర్ర కొసలోకి, నార మధ్యకి పోతుంది. అక్కడ పట్టు తక్కువ.


ఉలి_సుత్తె

ఇదంతా ఒప్పుకుంటా. కానీ పిల్లలు టేబుల్‌ని ఈ గదిలోంచి ఆ గదిలోకి ఈడుస్తారు. కాలికీ బల్లకీ మధ్య అటూ ఇటూ ఊగే బలం పడుతుంది. అప్పుడు మీ స్క్రూలు ఎన్నాళ్లుంటాయో చెప్పండి. కుర్చీ, మంచం, టేబుల్ కాళ్లు, ఈ మూడింటికీ కుసి జాయింటే.


వడ్ల_ఇంటి_కోడలు

కుర్చీ, మంచం విషయంలో మీతోనే ఉన్నా అన్నా. మా మామయ్య అయితే మంచం కోడుకి స్క్రూ అంటే మాట కూడా వినడు. పలకల టేబుల్‌కి మాత్రం ఊగుడు ఆపడానికి వేరే దారి ఉంది. కాళ్ల మధ్య వెనక వైపు అడ్డంగా వెడల్పాటి పలక, కనీసం ఎనిమిది అంగుళాలది, రెండు కాళ్లకీ పైన బల్లకీ కలిపి బిగించాలి. పుస్తకాల అరకి వెనక 6 ఎంఎం ప్లైవుడ్ నాలుగు అంచులకీ కొట్టేయాలి. ఆ వెనక పలక లేకపోతే ఏ జాయింటైనా ఒకరోజు ఊగుతుంది, ఉంటే ఈ స్క్రూల మీద ఊగుడు బలం పడనే పడదు.


రిటైర్డ్_ఫిజిక్స్

సరిగ్గా చెప్పారమ్మా. నలుచదరం మూలల దగ్గర వంగుతుంది, త్రికోణం వంగదు. వెనక పలక అంటే నాలుగు మూలల మధ్య త్రికోణాలు నింపినట్టే.


ఉలి_సుత్తె

వెనక పలక ఉంటే సరే. ఇంటర్నెట్ వీడియోల్లో నాలుగు కాళ్లు, పైన బల్ల, అంతే ఉంటుంది. నా కోపం దాని మీద.


పాలమూరు_ప్యాలెట్

ఫెవికాల్ తప్పనిసరా? విప్పుకోవచ్చనే కదా స్క్రూలు వాడేది. మేము అద్దె ఇల్లు, రెండేళ్లకోసారి సామాను ఎత్తాల్సిందే.


మిర్యాల_మిల్లు

జిగురు లేకపోతే సగం బలమే అని నా లెక్క.


ఆదివారం_వడ్రంగి

నేను ఒప్పుకోను. పలక అంచు పోయి ఇంకో పలక ముఖానికి ఆనేచోట స్క్రూలే చాలావరకు మోస్తాయి. జిగురు సాయం చేస్తుంది. జిగురుకి అసలు విలువ పలకని పలక పక్కన పొడవునా అతికించేటప్పుడు. అక్కడ ఫెవికాల్ ఎస్‌హెచ్ పట్టాక స్క్రూలు తీసేసినా విడిపోదు. స్క్రూ అక్కడ జిగురు ఆరేదాకా పట్టుకునే క్లాంపులా పనిచేస్తుంది, అంతే. అద్దె ఇల్లయితే జిగురు మానేయ్. రెండేళ్లకోసారి విప్పి బిగించడం మంచి ప్లైవుడ్‌లో నడుస్తుంది, కాకపోతే స్క్రూని పాత మర దారిలోనే మెల్లగా చేత్తో మొదలుపెట్టాలి. వంటగది, బాత్రూం పక్క అయితే ఫెవికాల్ మెరైన్. ప్లైవుడ్ కూడా అక్కడ ఐఎస్ 710 ముద్ర ఉన్నదే తీసుకో. మామూలు గదికి ఐఎస్ 303 చాలు.


అచ్చంపేట_గాలి

టేబుల్ పైన బల్ల టేకు పలకలతో చేస్తే? మా దగ్గర పాత ఇంటి దూలం ఉంది, కోత మిషన్ దగ్గర పలకలు కోయించాను.


రిటైర్డ్_ఫిజిక్స్

పలకల్ని పక్కపక్కన అతికించడానికి పాకెట్ హోల్ బాగుంటుంది. ఆ బల్లని కింద ఫ్రేముకి బిగించే దగ్గర మాత్రం జాగ్రత్త. చెక్క తేమ పీల్చినప్పుడు వెడల్పు వైపు ఉబ్బుతుంది, పొడవు వైపు దాదాపు మారదు. మన పాలమూరు, నల్లగొండ ఎండల్లో మే నెలలో బిర్ర బిగిసిపోయిన చెక్క ఆగస్టు వానలకి మళ్లీ తేమ పడుతుంది. రెండడుగుల వెడల్పు బల్ల ఆ తేడాకి కొన్ని మిల్లీమీటర్లు కదలాలి. పాకెట్ స్క్రూలతో చుట్టూ గట్టిగా కట్టేస్తే కదలలేక మధ్యలో చీలుతుంది. పాత దూలం కాబట్టి బాగా ఆరి ఉంటుంది, టేకు కూడా మిగతా చెక్కల కన్నా తక్కువ కదులుతుంది, అయినా వదిలేయొద్దు. మధ్యలో ఒక వరస గట్టిగా బిగించి, రెండు పక్కలా పొడుగు గాడి ఉన్న ఎల్ పట్టీలు పెట్టు, స్క్రూ ఆ గాడిలో జరుగుతుంది.


పానగల్_కట్ట

నాది ప్లైవుడ్ బల్లే కదా సార్, నాకూ ఇది ఉంటుందా?


రిటైర్డ్_ఫిజిక్స్

ఉండదు. పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికించి ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి కదలనివ్వవు. నువ్వు ధైర్యంగా బిగించు.


రేకుల_షెడ్డు

బెజ్జాలు కనపడే చోట వస్తే ఏం చేస్తారు?


వడ్ల_ఇంటి_కోడలు

దీనికోసం వాలుగా కోసిన చెక్క బిరడాలు అమ్ముతారు. దొరక్కపోతే అదే చెక్క రంపపు పొట్టులో ఫెవికాల్ కలిపి నింపి, ఆరాక ఎమరీ పట్టొచ్చు. కాకపోతే వార్నిష్ వేశాక ఆ చోటు ముదురు మచ్చలా తెలుస్తుంది. అందుకే కనపడని వైపు వేసేలా ముందే గీసుకోవడం మంచిది. షీటు కోయక ముందే ప్రతి ముక్క మీద పెన్సిల్‌తో 'పైన', 'లోపల' అని రాసుకోండి.


సాగర్_ఎడమకాల్వ

కళ్లద్దాలు ఎవరూ చెప్పలేదు. పొట్టు సూటిగా మొహం మీదికే ఎగురుతుంది. నూట యాభై రూపాయల అద్దాలు, జోకు కాదు.


పానగల్_కట్ట

ఆఖరి ప్రశ్న. మైకా ముందు అతికించి బెజ్జాలు వేయాలా, అంతా బిగించాక అతికించాలా?


మిర్యాల_మిల్లు

బిగించాక అతికిస్తే బెజ్జాలన్నీ మైకా కింద మాయం. నేనైతే అదే చేస్తా.


ఆదివారం_వడ్రంగి

మాయమవుతాయి, కానీ రేపు స్క్రూ లూజైతే బిగించడానికి దారి ఉండదు. లోపలి మూలల్లో మైకా సరిగ్గా కోసి కూర్చోబెట్టడం కొత్తవాళ్ల వల్ల కాదు కూడా. ముందు అతికించి, ఒక రాత్రి బరువు పెట్టి ఆరనిచ్చి, అప్పుడు కోసి బెజ్జాలు వేయి. రెండు వైపులా మైకా వేస్తే 18 పలక కాస్తా 20 అవుతుంది, కాలర్ మళ్లీ సరిచూసుకో. బెజ్జం పెట్టే చోట మైకా మీద మాస్కింగ్ టేపు వేస్తే అంచు పెచ్చులు లేవదు. ఇంకొకటి, మైకా ముఖానికి ఆనే అతుకులో ఫెవికాల్ రాసి లాభం లేదు, మైకా దాన్ని పీల్చుకోదు. అక్కడ స్క్రూలే దిక్కు, అందుకని ఒకటి ఎక్కువ వేయి.


మిర్యాల_మిల్లు

టేపు సంగతి నాకు తెలీదు. రేపు మిల్లులో చూస్తా.


గద్వాల_గడప

బిట్టు బొమ్మ మీద పెట్టాక బెజ్జం శుభ్రంగా వచ్చింది. డ్రాయరు పెట్టెకి 12 ఎంఎం ప్లైవుడ్ వాడుతున్నా, 25 స్క్రూ అన్నారు కదా, ముందు పలకకి కూడా అవేనా?


వడ్ల_ఇంటి_కోడలు

అవే. బెజ్జాలు పక్క పలకల్లో కాకుండా పెట్టె ముందూ వెనకా పలకల బయటి ముఖంలో వేయండి. ముందు వాటిని అసలు డ్రాయర్ మూత కప్పేస్తుంది, వెనకవి కబోర్డు లోపల ఉండిపోతాయి. పక్కల్లో వేస్తే చానల్ బిగించే చోటే బెజ్జం అడ్డొస్తుంది.